రెండో పలక

షెడ్డు తాళం తీయడానికి నాకు పదమూడు నెలలు పట్టింది. తాళంచెవి ఎక్కడికీ పోలేదు. వంటింటి గుమ్మం పక్కన మేకుకు రోజూ కనపడుతూనే ఉంది. తీయబుద్ధి కాలేదు, అంతే. అడిగిన వాళ్లకు తాళం తుప్పు పట్టిందని చెప్పాను. అడిగిన వాళ్లు కూడా ఇద్దరో ముగ్గురో.

బుధవారం పొద్దున నజియా ఫోన్ చేయకపోతే ఇంకో పదమూడు నెలలు గడిచేవేమో.

"చాచా, సోమవారం మా లైబా బిస్మిల్లా. యాదున్నది కదా? అబ్బా చేసిన రెహల్ తయారైందా?"

"అయినట్టే బిడ్డా," అన్నాను. అబద్ధం. ఆ ఖురాన్ పీటను పాత దుప్పటిలో చుట్టి బీరువా మీద పెట్టినవాణ్ని మళ్లీ ముట్టుకోలేదు.

బిస్మిల్లా అంటే, పిల్లకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు మౌల్వీ సాబ్ ఎదురుగా కూర్చోబెట్టి మొదటి అక్షరం పలికిస్తారు. మన అక్షరాభ్యాసం లాంటిదే. కాకపోతే మనం ముహూర్తం బాగాలేదని వాయిదా వేసుకోవచ్చు, వాళ్ల లెక్కలో రోజు జరగదు. సోమవారమంటే సోమవారమే.

నజియా మా అయ్యూబ్ కూతురు. నిజామాబాద్‌లో ఖిల్లా రోడ్డు వైపు ఉంటుంది. అయ్యూబ్ పోయినేడు రంజాన్‌లో పోయాడు. ఇరవై రెండో ఉపవాసం నాడు మధ్యాహ్నం పడుకుని ఇక లేవలేదు. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక నజియా ఆ రెహల్‌ను నా చేతిలో పెట్టి, పాలిష్ కాని రెండో పలక చూపించి, "గీ పలక మీరే చెయ్యాలె చాచా," అంది. సరేనన్నాను. ఆ ఒక్క మాటే అయ్యూబ్ కోసం నేను ఇచ్చిన మాట.

నా గురించి చెప్పాలి. పేరు సిద్దిరాములు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డి నుంచి స్పిరిట్ తీసేవాళ్లం కదా, అక్కడ. పెళ్లి కాలేదు. కోపిష్టివాడినని సంబంధాలు తప్పిపోయాయని ఊళ్లో అంటారు. నేనే వద్దన్నానని నేనంటాను. రెండూ కొంత కొంత నిజం. అయ్యూబ్ అదే ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తా. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరికీ పొద్దు పోయే దారి లేకపోయింది. మా పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని చెక్కపని మొదలుపెట్టాం.

వడ్రంగులం కాదు. అమ్మడానికి చేసిందీ లేదు. పీటలు, పోపుల పెట్టెలు, తువ్వాళ్లు తగిలించే కొయ్యలు చేసి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇచ్చేవాళ్లం. కోయడం, చెక్కడం అతని పని. పాలిష్ నా పని. చపడా అని లక్క పలుకులు దొరుకుతాయి, చూడ్డానికి గోధుమరంగు కాగితం ముక్కల్లా ఉంటాయి. వాటిని స్పిరిట్‌లో నానబెడితే ఒక రోజుకు కరిగి పాలిష్ అవుతుంది. గుడ్డ ఉండతో రుద్దితే పది నిమిషాల్లో ఆరుతుంది. స్పిరిట్ గురించి నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలియదని నా నమ్మకం. చేతులు కడుక్కున్నా దాంతోనే, అద్దాలు తుడుచుకున్నా దాంతోనే.

పని చేస్తున్నంతసేపూ నేను ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేవాణ్ని. కరెంటువాళ్లను, చెక్క అమ్మినవాణ్ని, ఎక్కువగా అయ్యూబ్‌నే. అతను తల ఎత్తకుండా ఉలి నడిపిస్తూనే ఉండేవాడు. నా ఊపిరి అయ్యాక, "అయిపోయిందా? జర చాయ్ పెట్టు," అనేవాడు. నేను లేచి చాయ్ పెట్టేవాణ్ని. పన్నెండేళ్లలో ఈ వరుస మారలేదు.

*

తాళం తీసేసరికి వేడి మొహాన కొట్టింది. రేకుల కింద రెండు ఎండాకాలాలు ఉడికిన గది. బల్ల మీద ధూళి. అయ్యూబ్ కూర్చునే స్టూలు అతను లేచి వెళ్లినప్పుడు ఎటు తిరిగి ఉందో అటే ఉంది. దాన్ని చూడకుండా అలమార వైపు తిరిగాను.

సీసాలన్నీ ఎండిపోయాయి. మూతలు సరిగా బిగించలేదని అయ్యూబ్‌ను తిట్టబోయి ఆగాను. ఆఖరి రోజు బిగించాల్సింది నేనే. పాలిష్ సీసా అడుగున గాజుపెంకులా గడ్డకట్టింది. మైనం పాలిష్ డబ్బాలో బీటలు వారి పొలం మట్టిలా ఉంది. గుడ్డ ఉండలు రాళ్లయ్యాయి. కుంచెలు నిలబెడితే నిలబడుతున్నాయి.

ఎండినంత మాత్రాన పాడైనట్టు కాదు. ఈ పనిలో మొదట నేర్చుకునేది అదే. సీసాలోని గడ్డను మేకుతో నాలుగు చోట్ల పగలగొట్టి, మునిగేంత స్పిరిట్ పోసి, మూత బిగించి ఎండలో పెట్టాను. గంటకోసారి వెళ్లి ఊపి వచ్చాను. కుంచెలను స్పిరిట్ గ్లాసులో నిలబెట్టాను. మైనం డబ్బాను వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి రెండు చెంచాల టర్పెంటైన్ పోసి, పుల్లతో కలుపుతూ కూర్చున్నాను. లప్పం డబ్బా ఒక్కటి బతకలేదు, రాయి రాయే. దాన్ని గోడ అవతలికి విసిరేశాను.

పాత పాలిష్ కరుగుతుంది కాని ఒక్కోసారి ఆరదు. బంకగా, వేలికి అంటుకుంటూ ఉండిపోతుంది. అట్లాంటిది పారబోయాల్సిందే. అందుకని గురువారం పొద్దున వడగట్టిన పాలిష్‌ను ఒక గాజుముక్క మీద రాసి చూశాను. పది నిమిషాలకు గోరుతో గీరితే గీత పడలేదు. అలమారలో చపడా పలుకులు కూడా మిగిలాయని తెలిసి, అక్కడే నిలబడి గట్టిగా, "సూసినవా!" అన్నాను. ఎవరితో అన్నానో అన్నాకగాని తట్టలేదు.

నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ నాకు సంతోషంగానే ఉంది. ఏడాదికి పైగా నాతో ఎవరికీ పనిలేని ఇంట్లో, గంటకోసారి లేచి వెళ్లి ఊపాల్సిన సీసా ఒకటి ఉంది. అది చాలు అనిపించింది.

అప్పుడు దుప్పటి విప్పి రెహల్‌ను బల్ల మీద పెట్టాను.

రెహల్ అంటే ఖురాన్ పెట్టుకుని చదివే చిన్న పీట. ఒకే టేకు చెక్కను నిలువునా చీల్చి చేస్తారు. మేకు ఉండదు, జిగురు ఉండదు. రెండు పలకలు మధ్యలో వేళ్లు వేళ్లు పెనవేసుకున్నట్టు ఒకదాన్నొకటి పట్టుకుని, కత్తెరలా తెరుచుకుంటాయి. అయ్యూబ్ దాన్ని ఎనిమిది నెలలు చెక్కాడు. అంచున చెరుకాకుల వరుస చెక్కాడు. అట్లాంటి ఆకులు ఇంకెవరూ రెహల్ మీద చెక్కి ఉండరు. ఒక పలక పాలిష్ అయి బెల్లం పాకం రంగులో మెరుస్తోంది. రెండో పలక పచ్చి చెక్కగానే ఉంది.

ఆ మెరిసే పలక చూస్తే నాకు పాత కోపం మళ్లీ లేచింది. పాలిష్ నా పని. అయినా దీనికి మాత్రం అతనే వేసుకున్నాడు, అదీ ఇంట్లో కూర్చుని. ఇదేంటని అడిగితే, "మనవరాలి కోసం రాములు భాయ్, నా చేత్తోని రుద్దుకుంట," అన్నాడు. నేను వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. ఇంకొకటి కూడా అప్పుడు నాకు అర్థం కాలేదు. పని సగంలో వదిలే మనిషి కాదు అతను. ఒక పోపుల పెట్టెకు ఆరో అర మూత కుదరలేదని పండుగ పూట కూడా వచ్చి కూర్చున్నవాడు. అట్లాంటివాడు ఒక పలక ముగించి, రెండోదాన్ని మూడు నెలలు అట్లాగే ఉంచాడు.

అతను ఇంట్లో కలుపుకుని, తర్వాత తెచ్చి పెట్టిన సీసా అలమార పై అరలో ఉంది. అన్నింటి లాంటి ఊరగాయ సీసానే. నా సీసాల మీద నేను తెలుగులో రాస్తాను, అతని వాటి మీద అతను ఉర్దూలో రాస్తాడు. మా బాపుకు ఉర్దూ వచ్చు, నాకు రాదు. పన్నెండేళ్లు పక్కన కూర్చుని ఒక్క అక్షరం నేర్చుకోలేదు, అవసరమొస్తే అతనే చదివేవాడు. ఆ సీసా మీద ఒక చీటీ అతికించి, రెండు వరుసలు రాసి ఉంది. పైన గోధుమరంగు పెంకు గట్టిగా కట్టి ఉంది.

రెండో పలకకు ఈ పాలిష్షే వేయాలి. కొత్తది కలిపితే రంగు కుదరదు, కుదిరినా అది అయ్యూబ్‌ది కాదు. నా పట్టుదల అదే. సీసా ఊపి చూడలేదు. వాసన చూడలేదు. చీటీ చదివించుకోలేదు. వీధి చివర సంచుల జిప్పులు బాగుచేసే షోయబ్ ఉన్నాడు, ఒక్క నిమిషం పని. అన్నీ తెలిసినవాడికి చదివించుకోవడం ఎందుకు? అరగ్లాసు స్పిరిట్ పోసి, పుల్ల తీసుకుని పెంకును గట్టిగా పొడిచాను.

పెంకు పగిలింది. కింద రాయి లేదు. కింద మూడు వేళ్ల లోతున, తేనెలాంటి పచ్చి పాలిష్ తళతళలాడుతూ ఉంది. ఎండింది పైన తోలు మాత్రమే. ఆ తోలును బ్లేడుతో అంచు చుట్టూ కోసి ఎత్తేస్తే, లోపలిదంతా వడగట్టి వాడుకోవచ్చు. అది నేను చూస్తుండగానే స్పిరిట్ రంధ్రంలోంచి దిగింది. సీసా మొత్తం పాలు విరిగినట్టు విరిగిపోయింది.

అప్పుడు వాసన చూశాను. అవిసె నూనె, స్పిరిట్‌తో కలిసేది కాదు.

*

షోయబ్ అద్దాలు నుదుటి మీదికి జరుపుకుని చీటీని దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"రెహల్ కోసం," అన్నాడు. "దీంట్ల స్పిరిట్ పడొద్దు. గంతే రాసిండు అయ్యూబ్ చాచా. ఏమైంది కాకా?"

"ఏం గాలె," అని సీసా లాక్కుని వచ్చేశాను.

స్పిరిట్ అంటే సారా లాంటిదే కదా, తాగడం వాళ్లకు నిషేధం. దాన్ని ఒంటికి రాసుకోవచ్చు, చెక్కకు రాసుకోవచ్చు, ఏం తప్పులేదనే వాళ్లు చాలామంది. అయ్యూబ్ కూడా పీటలకూ పెట్టెలకూ ఎన్నడూ వద్దనలేదు. ఖురాన్ పెట్టే పలకకు మాత్రం వద్దనుకున్నట్టున్నాడు. అది అతనిష్టం. నా మనసులో పొడిచింది అది కాదు. నాకు చెప్పలేదు. పక్కనే కూర్చుని, నా చేతి చాయ్ తాగుతూ, అవిసె నూనెలో గుగ్గిలం కాచి వేరే పాలిష్ చేసుకుని నాకు చెప్పలేదు.

షెడ్డులో వెతికితే, సిమెంటు సంచి వెనక నూనె సీసా దొరికింది. పావు వంతు మిగిలి ఉంది. దాన్ని నేను ముందే చూశాను! ఇదేం వాసన అని అప్పుడడిగితే, "మోకాళ్లకు రాసుకుంటున్న భాయ్, గుంజుతున్నయ్," అన్నాడు. నేను మూడు నెలలు అతని మోకాళ్లను వెక్కిరించాను. రైలు కింద పెట్టినా విరగవు నీ మోకాళ్లు అనేవాణ్ని. అతనూ నవ్వేవాడు.

ఎందుకు దాచాడో వెతుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. అంతకు మూడేళ్ల ముందు అతని గల్లీ పెద్దాయన ఒకాయన పీట కోసం వచ్చాడు. తయారైనదాన్ని చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "నమాజ్ గదిలో పెట్టుకునేది బాబూ, స్పిరిట్ లేకుంట చేస్తరా?" అని మెల్లగానే అడిగాడు. నేను లేచాను.

"నా బతుకంత స్పిరిట్ తీసుడే! గీ చేతులు గూడ పనికిరావా మీ గదిల?"

ఆయన పాపం పీట కింద పెట్టి, సలాం చెప్పి వెళ్లిపోయాడు. నేను ఇంకో గంట తిట్టాను. ఫ్యాక్టరీ పోయింది, అందులో నేను చేసిన పని కూడా ఎవరికీ గిట్టని పనా అని నా మంట. ఆ రోజు అయ్యూబ్ "అయిపోయిందా?" అనలేదు. తల వంచుకుని అంచులు రుద్దుతూనే ఉన్నాడు. చాయ్ కూడా అడగలేదు. నేను అప్పుడు అది పట్టించుకోలేదు.

ఆ నోటితో నేను అన్న మాట తర్వాత, ఏ మొహం పెట్టుకుని నాకు చెబుతాడు?

శుక్రవారం పొద్దున బతికించిన నా పాలిష్‌లో చిటికెడు ఎర్రటి గేరుమట్టి కలిపి ఒక టేకుముక్క మీద రుద్ది చూశాను. అచ్చం బెల్లం పాకం రంగు. అయ్యూబ్ పలక పక్కన పెడితే అతను కూడా గుర్తుపట్టడు. రెండు గంటల్లో పలక తయారు. నజియా సంతోషిస్తుంది, పిల్ల చదువుకుంటుంది, సీసా విరిగిన సంగతి నాకూ ఆ సీసాకూ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు నా దగ్గర దాచావు, నేను నీ దగ్గర దాస్తాను, చెల్లుకు చెల్లు. గుడ్డ ఉండను పాలిష్‌లో ముంచి, పిండి, పలక మీదికి తెచ్చాను.

రుద్దలేకపోయాను. పుణ్యపాపాలు నాకు పెద్దగా తెలియవు. ఆ మనిషి మోకాళ్లు బాగుండి కూడా మూడు నెలలు నా వెక్కిరింపులు పడ్డాడు. నన్ను నొప్పించకుండా ఆ పని చేసుకోవడానికి అతనికి దొరికిన దారి అదొక్కటే. ఇప్పుడు అతను లేడని, చూడడని, ఆ పలక మీదే స్పిరిట్ రుద్దితే నేనేం స్నేహితుణ్ని? గుడ్డ ఉండను డబ్బాలో పడేసి చేతులు కడుక్కున్నాను. సబ్బుతో.

*

నూనె సీసాలో కూడా పైన తోలు కట్టి ఉంది. ఈసారి తొందరపడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకోండి, అయినా పట్టుకున్నాను. సన్నటి బ్లేడుతో అంచు చుట్టూ కోసి, తోలును పటకారుతో ఎత్తి, కింది నూనెను పాత పంచెగుడ్డలో వడగట్టాను. ఒక చిన్న గిన్నెడు వచ్చింది. అందులో కొంచెం టర్పెంటైన్ కలిపి వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేశాను. చెక్క తాగినంత తాగించి, మిగిలింది పొడిగుడ్డతో ఒక్క చుక్క నిలవకుండా తుడిచేశాను. నూనె మందంగా వేస్తే నెలకు కూడా ఆరదు. పలచగా వేస్తే మన ఏప్రిల్ ఎండకు మూడు రోజుల్లో ఆరొచ్చు, ఆరకపోవచ్చు.

శుక్ర, శని, ఆది. మూడు రోజులు పెరట్లో కుర్చీ వేసుకుని ఆ పలకకు కాపలా కూర్చున్నాను. ఎండ జరిగిన కొద్దీ పీట జరిపాను, నేను మాత్రం గోడ నీడకు జరిగాను. గాలి లేస్తే దుమ్ము పడకుండా గంప బోర్లించాను. ఈగ వాలితే తోలాను. ఆ మూడు రోజులూ స్పిరిట్ సీసా మూత తీయలేదు, అద్దాలు కూడా లుంగీ కొనతోనే తుడుచుకున్నాను. మాట్లాడ్డానికి ఎవరూ లేరు. ఎవరైనా ఉంటే తిట్టేవాణ్ని. తిట్టడానికి మనిషి లేకపోవడం ఎంత కష్టమో అంతకుముందు నాకు తెలియదు. ఇంట్లో చచ్చిన మనిషి ఉంటే నలుగురు వచ్చి ఏడుస్తారు. స్నేహితుడు చస్తే పలకరించడానికి మన ఇంటికి ఎవరూ రారు. మనమేమీ కాము కదా, అతని వాళ్ల లెక్కలో లేము, మన వాళ్ల లెక్కలో అతను లేడు.

ఆదివారం సాయంత్రం వేలు పెట్టి చూశాను. అంటుకోలేదు. రంగు మాత్రం కుదరలేదు. అతని పలక బెల్లం పాకం, నాది లేత చెరుకు రసం. ఎవరు చూసినా రెండు చేతుల పని అని చెప్పేస్తారు.

*

సోమవారం బస్సులో రెహల్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎడపల్లి దాటాక కండక్టర్, "ఏందది పెద్దాయనా, హార్మోనియమా?" అన్నాడు. "నీకెందుకయ్యా," అన్నాను. నజియాకు ఏమని చెప్పాలా అని జానకంపేట దాకా మాటలు కూర్చుకున్నాను. నిజామాబాద్‌లో దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

ఇంటి నిండా జనం. లైబా మెడలో మల్లెపూల హారం, తలకు జరీ ఓణీ. నన్ను చూసి నజియా ఎదురొచ్చింది. గుమ్మం పక్కనే దుప్పటి విప్పి, రెహల్ తెరిచి, ఆమె ఏదీ అడగకముందే చెప్పేశాను.

"బిడ్డా, మీ అబ్బా కలిపిన పాలిష్ నేను ఖరాబ్ చేసిన. దాంట్ల స్పిరిట్ పోసిన. చీటీ చదివించుకోలే. ఇగో, ఈ పలకకు ఉట్టి నూనెనే. స్పిరిట్ తాకలే. రంగు కలవలే."

ఆమె రెండు పలకల మీదా చెయ్యి వేసి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి, మూతి మాత్రం నవ్వుతోంది.

"అబ్బా మీకు చెప్పనే లేదా చాచా?"

"ఏం చెప్పలే?"

"రెండో పలక మీకోసమే ఉంచిండు. ఒకటి నా చేత్తోని, ఒకటి రాములు చేత్తోని కావాలె అన్నడు. స్పిరిట్ లేకుంట చెయ్యుమంటే ఎట్ల తీసుకుంటరో అని రోజులు జరుపుకుంట వచ్చిండు. నేను అడిగితే ఏమన్నడో తెలుసా? వాడు రెండు రోజులు తిడుతడు, మూడో రోజు చేస్తడు. రోజా ఉపాసముండి తిట్లు పడలేను బిడ్డా, పండుగ కానియ్యి, షీర్ ఖుర్మా తాగినంక అయితే రాములు తిట్లు గూడ తియ్యగుంటయ్ అన్నడు."

పండుగకు ఇంకా ఎనిమిది రోజులుండగా పోయాడు.

"గందుకే కద చాచా, ఆ రోజు గీ పలక మీరే చెయ్యాలె అని మీ చేతుల పెట్టిన. మీకు ఎరికె అనుకున్న."

ఆ పచ్చి పలకను చూసి నేను పదమూడు నెలలు, సగంలో వదిలేసి పోయాడనుకున్నాను. అతను సగం నాకు వదిలాడు. నోరు తెరిచి అడగడానికి మూడు నెలలు భయపడ్డాడు, నా నోటికి. అది తలుచుకుంటే సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, ఏడాది తర్వాత మొదటిసారి, నేను అతని లెక్కలో ఉన్నానని తెలిసి ఏడుపొచ్చింది. గుమ్మం పక్కన నిలబడి అందరి ముందూ ఏడ్చాను.

మౌల్వీ సాబ్ రెహల్ మీద బట్ట పరిచి, కితాబు తెరిచి, లైబా చేత ఒక్కో మాట పలికించాడు. పిల్ల గొంతెత్తి పలికింది. పలుకుతున్నంతసేపూ దాని చెయ్యి నేను రుద్దిన పలక అంచున, చెరుకాకుల మీద ఆడుతూనే ఉంది. నజియా నాకు మిఠాయి డబ్బా కట్టి ఇచ్చి, బస్టాండ్ దాకా ఆటో ఎక్కించింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. షెడ్డు తీశాను. బతికించిన సీసాలు వరుసగా ఉన్నాయి. పాలిష్, మైనం, మెత్తబడిన కుంచెలు. చెక్కడానికి మనిషి లేడు కనక వాటితో చేసే పని ఏమీ లేదు. వాడకపోతే మళ్లీ ఎండుతాయి. అయినా ఒక్కో మూతా తీసి చూసి, గట్టిగా బిగించాను.

తర్వాత అయ్యూబ్ స్టూలును నా వైపు తిప్పి, ఎదురుగా కూర్చున్నాను. మూడో రోజు పని అయిపోయింది, మొదటి రెండు రోజుల తిట్లు మిగిలిపోయాయి కదా. తిట్టాను. "అడగనీకి నోరు రాలేదా నీకు? మోకాళ్ల నొప్పులని అబద్ధం చెప్తవా? నేను తింటనా నిన్ను? తిడుదును, మూతి ముడుసుకుందును, ఆఖరికి చెయ్యకపోదునా?" అని గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను. పక్కింటి ఈరవ్వ గోడ మీంచి తొంగిచూసి దిగిపోయింది.

ఊపిరి అయిపోయాక ఆగాను. అయిపోయిందా అని ఎవరూ అడగలేదు. లేచి చాయ్ పెట్టుకున్నాను.